మగ్గం మాటల పుస్తకం, కేంబ్రిడ్జ్ పుస్తకం... రెండూ ఒకే భద్రిరాజు కృష్ణమూర్తి గారివేనా?

చీరాల_మగ్గం:
అందరికీ నమస్కారం, ఇక్కడ ఇదే నా ఫస్ట్ పోస్ట్, తప్పులుంటే సర్దుకోండి. మాది చీరాల పక్కన పల్లె, చేనేత ఇల్లు. ఇప్పుడు మగ్గం లేదు లెండి, ఆ గుంట పూడ్చేసి దాని మీద బీరువా పెట్టుకున్నాం. నేను బీకాం చేసి అకౌంట్స్ ఉద్యోగంలో ఉన్నా, భాషాశాస్త్రం అంటే ఏంటో నిజంగా తెలీదు.

పోయిన నెల ఒక పాత లైబ్రరీలో వాన తగ్గేదాకా కూర్చుందామని వెళ్ళి ఏదో తిరగేస్తుంటే మాండలిక వృత్తిపదకోశం అని ఒకటి కనపడింది, రెండో సంపుటం, చేనేత, 1971. తెరిస్తే మొత్తం మా ఇల్లే. పడుగు, పేక, నాడె, కండె, ఆసు... మా నాయనమ్మ నోట్లో తప్ప ఇంకెక్కడా వినని మాటలు కూడా అచ్చులో చూస్తే ఏదోలా అయిపోయింది, అక్కడే గంటన్నర కూర్చున్నా, వాన ఎప్పుడు ఆగిందో కూడా చూసుకోలేదు.

సంపాదకుడి పేరు భద్రిరాజు కృష్ణమూర్తి. ఇంటికొచ్చి వెతికితే 1928 లో ఒంగోల్లో పుట్టారంట (మాకు దగ్గరే!), ఆంధ్రా యూనివర్సిటీలో తెలుగు ఆనర్స్, 1957 లో అమెరికా పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ, ఉస్మానియాలో ప్రొఫెసర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వీసీ, 2003 లో కేంబ్రిడ్జ్ వాళ్ళు ద్రావిడ భాషల మీద ఆయన పుస్తకం వేశారు, 2012 లో పోయారు. ఎక్కడ చూసినా పదవులూ సన్మానాలే గానీ ఆ మనిషి పొద్దున లేచి ఏం పని చేసేవాడో ఒక్కరూ రాయలేదు.

నా డౌట్ ఒక్కటే. వేల ఏళ్ళ కిందటి భాషల చుట్టరికాలు తేల్చే అంత పెద్దాయనకి మా నాయనమ్మ కండెలు చుట్టే మాటలతో ఏం పని? అవి రెండు వేరు వేరు ఉద్యోగాలా, ఒకటేనా? అలాగే ఇలాంటి పని ఇప్పుడు ఎవరైనా బతుకుతెరువుగా చేస్తున్నారా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పాతలిపి:
చీరాల గారూ, భలే చోట పట్టుకున్నారు మీరు. నేను ఇదే సబ్జెక్ట్‌లో పీహెచ్‌డీ చేశా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, టీ తెచ్చుకుని చదవండి.

రెండూ ఒకటే ఉద్యోగం. ముందు ప్రాచీన భాష వైపు నుంచి చెప్తా. మూల ద్రావిడం, అంటే ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అనుకునే భాష, దాంట్లో ఒక్క శాసనం లేదు, ఒక్క తాటాకు లేదు. మరి ఉండేదని ఎలా అంటాం? ఇప్పుడు బతికున్న భాషల్లో మాటలు పక్కపక్కన పెట్టి, తేడాలు ఒకే పద్ధతిలో వస్తున్నాయా లేదా చూస్తాం, అంతే. పోలిక ఉండటం కాదు ముఖ్యం, తేడా ఒక లెక్క ప్రకారం ఉండటం ముఖ్యం. ఇది చాలామందికి ఎక్కదు, రెండు భాషల్లో ఒకేలా వినపడే మాట దొరికితే చాలు చుట్టరికం కలిపేస్తారు.

ఉదాహరణకి మనం ఏడు అంటాం, తమిళంలో ఏఴు. మనది కోడి, వాళ్ళది కోఴి. (ఆ అక్షరం మీ ఫోన్లో డబ్బాలా కనపడితే ఏమనుకోకండి, తెలుగు యూనికోడ్‌లోకి 2014 లోనే వచ్చింది. కానీ రేనాటి చోళుల శాసనాల్లో ఉంది, అంటే ఒకప్పుడు మనదే, మనమే పోగొట్టుకున్నాం.) అయితే ఇంకో చోట వాళ్ళ విఴుంగు మన దగ్గర మ్రింగు అయింది, కీఴ్ అనేది క్రింద అయింది. అదేంటి, ఒకచోట డ, ఇంకోచోట ర? మామూలు మనిషి ఇక్కడ "ఏదోలే" అని వదిలేస్తాడు. ఈ పని చేసేవాడు ఇక్కడే కూర్చుంటాడు. ఆ ఴ జరిగి మాట మొదట్లో ఉన్న హల్లు పక్కన చేరి జంట అక్షరం అయితే ర, లేకపోతే డ. ఆ తర్వాత మనం ఆ రకారం కూడా మింగేసి మింగు, కింద అంటున్నాం.

ఇంకోటి, ఇది తెలుగువాళ్ళకే ప్రత్యేకం (మన గుంపు భాషలకి, అంటే గోండి, కుయి, కొండ లాంటివాటికి కూడా). ఉరల్ అని తమిళంలో ఉంటే మనకి రోలు. ఇరండు మనకి రెండు. ఇళ అంటే లేత, మనకి లే. అవన్ మనకి వాడు. మొదట ఉన్న అచ్చు వెనక్కి వెళ్ళి, తర్వాతి అచ్చుతో కలిసిపోయి, హల్లు ముందుకొచ్చింది. ఇలాంటివి పది దొరికితే సరదా, వందల్లో దొరికితే సూత్రం. కృష్ణమూర్తి గారి మొదటి పెద్ద పుస్తకం 1961 లో కాలిఫోర్నియా యూనివర్సిటీ వేసింది, తెలుగు క్రియాధాతువులన్నీ (క్రియల మూల రూపాలు) తీసి ఒక్కోదాన్నీ మిగతా ద్రావిడ భాషల్లో వెతికి ఇలా లెక్క తేల్చిన పుస్తకం. సరిగ్గా అదే ఏడు బరో, ఎమెనో అనే ఇద్దరి ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (ఏ మాటకి ఏ భాషలో చుట్టాలున్నాయో చూపించేది) కూడా వచ్చింది, అంటే ఈయన ధాతువులు వెతికే రోజులకి ఆ నిఘంటువు ఇంకా అచ్చులో లేదు. ఇప్పుడు మనం ఆన్‌లైన్‌లో రెండు సెకన్లలో చూసేస్తాం.

ఇప్పుడు మీ నాయనమ్మ దగ్గరికి వస్తా. ఈ పనికి కావాల్సింది మాటలు. పుస్తకాల్లో ఉండే మాటలు కవులు ఏరుకున్నవి, సగం సంస్కృతం. ప్రబంధంలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడి మాట ఎందుకుంటుంది చెప్పండి. పొలం, మగ్గం, పడవ, కుండ, ఇలాంటి చోట్ల పాత దేశి మాటలు చెక్కుచెదరకుండా ఉంటాయి, పైగా జిల్లాకో రకంగా ఉంటాయి. అందుకే 1962 లో వ్యవసాయ పదాల సంపుటం, 1971 లో మీరు చూసిన చేనేత. రెండూ ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. ఈ సేకరణ మీదే తెలుగుకి నాలుగు మాండలిక మండలాలు అని గీతలు గీశారు. విశాఖ, శ్రీకాకుళం వైపు తూర్పు, తెలంగాణ ఉత్తరం, రాయలసీమా నెల్లూరూ దక్షిణం, కృష్ణా గుంటూరు గోదావరులు మధ్య. ఉద్యోగం, జీతం గురించి తర్వాత రాస్తా, బస్సు వచ్చింది.

భాషాభిమాని_తెలుగు:
అంతా బాగానే ఉంది గానీ ప్రతిదానికీ తమిళం పక్కన పెట్టి చూపించడం ఏంటండీ, దాంతో తెలుగు తమిళం నుంచి వచ్చినట్టు అయిపోతోంది. మా ఆఫీసులో ఒకాయన రోజూ ఇదే పాట. ఇంకోపక్క మా మావయ్య తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందంటాడు. ఆ పెద్దాయన దీనికి ఏం తేల్చారు, అది చెప్పండి ముందు.

పాతలిపి:
@భాషాభిమాని గారూ మీ మావయ్య గారికి జవాబు కృష్ణమూర్తి గారు పుట్టడానికి వందేళ్ళు పైన ముందే వచ్చేసింది. 1816 లో మద్రాసులో ఎల్లిస్ అనే కలెక్టరు, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందు ఒక నోట్ రాసి, తెలుగు ధాతువులు సంస్కృతంవి కావు, తమిళ కన్నడాలతో కలుస్తాయి అని పట్టికలు వేసి చూపించాడు. ద్రావిడ భాషల్ని పోల్చి వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ పేరే అందరికీ తెలుసు గానీ ఆయన పుస్తకం 1856, ఇది నలభై ఏళ్ళ ముందు. ఎల్లిస్ కూడా గాల్లోంచి తీయలేదు, మచిలీపట్నం మామిడి వెంకయ్య గారి ఆంధ్రదీపిక, పట్టాభిరామశాస్త్రి గారి ధాతువుల పట్టిక ముందు పెట్టుకుని రాశాడు. ఆ ఇద్దరి పేర్లు మనవాళ్ళే మర్చిపోయారు, అదీ బాధ.

ఇక ఆఫీసు ఆయనకి ఒక్క మాట చెప్పండి చాలు. చెవి. తమిళంలో సెవి/చెవి, తెలుగులో చెవి, కన్నడంలో కివి. ఇక్కడ పాతది కకారం, ఎ, ఇ లాంటి అచ్చుల ముందు తమిళం, తెలుగు దాన్ని చ చేసుకున్నాయి, కన్నడం ఉంచుకుంది. ఇప్పుడు అందరికీ తల్లి తమిళమే అయితే, తల్లి పోగొట్టుకున్న కకారం కూతురికి ఎక్కడ్నుంచి వచ్చింది? తమిళాన్ని పక్కన పెట్టి చూపించేది దాని రాతలు పాతవి కాబట్టి, ఴ లాంటివి ఇంకా పలుకుతారు కాబట్టి. పాత నగలు ఎక్కువ దాచుకున్న అక్క, అంతే, అమ్మ కాదు.

అరకు_మాస్టారు:
చాలా రోజుల తర్వాత ఈ ఫోరంలో పనికొచ్చే థ్రెడ్. నేను అరకు వైపు స్కూల్లో తెలుగు చెప్తా. కృష్ణమూర్తి గారు చేసిన ఇంకో పని మీరెవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. ఆయన కొండ భాష (కూబి అని కూడా అంటారు, కొండదొరల భాష) మీద ఊళ్ళు తిరిగి వ్యాకరణం రాశారు, 1969 లో వచ్చింది. లిపి లేని భాష.

దాని గొప్ప ఏంటో క్లాసులో నాకు బాగా పనికొచ్చింది. పిల్లలకి అరసున్న చెప్పేటప్పుడు వాఁడు అని బోర్డు మీద రాస్తాను కదా, ఒకడు లేచి "సార్ పలకనిదానికి రాయడం ఎందుకు" అన్నాడు, నిజమే, నేను కూడా చిన్నప్పుడు అదే అడిగి దెబ్బలు తిన్నా. ఆ అరసున్న ఒకప్పటి నకారం మిగిల్చిన మచ్చ. పాత శాసనాల్లో వాన్ఱు అని ఉంటుంది, అది వాణ్డు అయి, వాఁడు అయి, ఇప్పుడు వాడు. ఆ వాన్ఱు అనే మాట కొండ భాషలో ఇవాళ్టికీ బతికే ఉంది! బండి ఱ, మామూలు ర వాళ్ళకి ఇప్పటికీ వేరు వేరు శబ్దాలు. మనం ఆ తేడా నోట్లోంచి ఎప్పుడో వదిలేసి బడిలో గుర్తుగా మాత్రం పెట్టుకున్నాం. శాసనం చదవడానికి పండితుడు కావాలి, అదే మాట వినడానికి కొండెక్కితే చాలు.

ఎక్కితే చాలు అన్నాను గానీ ఇప్పుడు అదీ కష్టమే. మా స్కూలుకొచ్చే కొండదొర పిల్లల్లో చాలామంది ఇంట్లో కూడా తెలుగే. ముసలాళ్ళు మాట్లాడుకుంటే వీళ్ళు నవ్వుతారు.

చీరాల_మగ్గం:
మాస్టారూ ఆ అరసున్న సంగతి చదివి రెండుసార్లు లేచి కూర్చున్నా. పదో తరగతి దాకా అదొక దండగ సున్నా అనుకున్నా నేను.

ఒక అనుమానం, ఈ పనిలో తప్పు చేస్తే ఎలా తెలుస్తుంది? మా అకౌంట్స్‌లో అయితే చివర్లో రెండు పక్కలా టోటల్ కలవాలి, కలవకపోతే రాత్రంతా కూర్చోవాలి. ఇక్కడ మూల భాష మాట్లాడినవాడు ఎవడూ లేడు కదా వచ్చి తప్పు అనడానికి.

కోడ్‌కూలి:
బ్రో ఇది నా ఏరియా కాదు గానీ నీ ప్రశ్నకి నాకు తెలిసిన ముక్క ఒకటుంది. 1983 లో కృష్ణమూర్తి గారు, మోజెస్ అని స్టాన్‌ఫర్డ్ స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు, డాన్‌ఫోర్త్ అని ఇంకొకాయన కలిసి ఒక పేపర్ రాశారు, 'లాంగ్వేజ్' అనే అమెరికా జర్నల్‌లో. గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అని ఆరు భాషలు తీసుకున్నారు. ఆరింటికి కుటుంబ వృక్షం, అంటే ఎవరు ఎవరి నుంచి ముందు విడిపోయారు అని, జంటలు జంటలుగా చీలుస్తూ ఎన్ని రకాలుగా గీయొచ్చు? 945. (9×7×5×3 చేసి చూస్కో.) పైన పాతలిపి గారు చెప్పిన రోలు, రెండు టైపు మార్పు ఉంది కదా, అది అన్ని మాటలకీ ఒకేసారి రాదంట, ఒక్కో మాటకీ పాకుతూ పోతుందంట, కొన్ని మాటలు మారకుండా మిగిలిపోతాయి. ఏ మాట ఏ భాషలో మారింది, ఏ భాషలో మారలేదు అని పట్టిక వేసి, ఏ చెట్టుకైతే అదే మార్పు విడివిడిగా మళ్ళీ మళ్ళీ జరిగిందని అనుకోవాల్సిన అవసరం తక్కువ పడుతుందో అది మంచి చెట్టు అన్నారు. అంటే నీ భాషలో టోటల్ టాలీ చేయడమే. 1983 లో!! మన ల్యాప్‌టాపులు లేవు అప్పుడు. నాకైతే అసలు ఐడియానే పిచ్చెక్కించింది, అందరూ మారినవి లెక్కపెడుతుంటే ఈయన మారనివి లెక్కపెట్టాడు.

ఇప్పుడు ఇదంతా కంప్యూటర్లతో చేస్తున్నారు, 2018 లో 20 ద్రావిడ భాషలు వేసి లెక్క కట్టి కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళు అన్నారు.

పాతలిపి:
కోడ్‌కూలి గారు చెప్పింది కరెక్ట్, కానీ ఆ 4,500 ని పుట్టినరోజులా పట్టుకోకండి, అంచనా, అటూఇటూ చాలా జాగా ఉంటుంది అందులో.

చీరాల గారూ తప్పు ఎలా తెలుస్తుందన్నారు. ఆయన కెరీర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. 1961 పుస్తకంలో ఆయన తెలుగునీ, గోండి కుయి కువి కొండ వగైరాలనీ మధ్య ద్రావిడ శాఖలో పెట్టారు, అంటే కొలామి, పర్జీ వాటితో కలిపి. పేరొచ్చింది, అందరూ అదే వాడుకుంటున్నారు. 1970 ల్లో ఆయనే మళ్ళీ మార్చారు, కాదు, ఈ గుంపు తమిళ కన్నడాల వైపు చేరుతుంది, దక్షిణ శాఖలోనే రెండో కొమ్మ అన్నారు. కారణాలు చాలా ఉన్నాయి, ఒకటి చెప్తా. నేను అనే మాట. భారతంలో ఏను అని చదివుంటారు, మామూలుగా నేను. తమిళంలో కూడా అచ్చం అంతే, పాతది యాన్, కొత్తది నాన్. ఆ నకారంతో మొదలయ్యే రెండో రూపం మన గుంపులో, తమిళం గుంపులో మాత్రమే ఉంది, మధ్య శాఖలో లేదు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే కొత్త అలవాటు నేర్చుకున్నారంటే కొన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నట్టు, బయటి వాళ్ళకి లేదంటే వాళ్ళు అప్పటికే వేరు పడ్డట్టు. పాత అలవాటు అందరికీ ఉంటే దాంతో ఏమీ తేలదు, కొత్త అలవాటు కలిస్తేనే తేలుతుంది. తన పేరు తెచ్చిన పుస్తకంలోని చెట్టుని తనే నరికి మళ్ళీ నాటుకోవడం మాటలు కాదండి, నేను చూసిన పెద్ద ప్రొఫెసర్లలో ఫుట్‌నోట్ మార్చమంటేనే ముఖం మాడ్చుకునేవాళ్ళు ఉన్నారు.

ఇక బతుకుతెరువు. నిజం చెప్తా, తక్కువ. ఆయన కాలంలో డిపార్ట్‌మెంట్లు కొత్తగా పుడుతున్నాయి, 1962 లో ఉస్మానియాలో భాషాశాస్త్రానికి మొదటి ప్రొఫెసర్ ఆయనే, అక్కడే 1986 దాకా, తర్వాత 1993 దాకా వీసీ. ఇప్పుడు ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్, పుణెలో డెక్కన్ కాలేజీ, మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ... ఇలా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, పోస్టులు అంతకన్నా తక్కువ పడతాయి. నెట్ రాసి ఎదురుచూడాలి. నాకు పీహెచ్‌డీకి ఆరేళ్ళు పట్టింది, అందులో ఒక ఏడాదంతా ఫెలోషిప్ డబ్బులు రాక ట్యూషన్లు చెప్పా. ఇప్పుడు పొద్దున పూట ఒక కంపెనీకి తెలుగు మాటల డేటా చూసే పని, సాయంత్రం నా పాత శాసనాలు. ఏడవట్లేదు, ఉన్నది చెప్తున్నా.

మీరు ఉద్యోగం మానేసి ఇందులోకి రండి అని మాత్రం అనను. కానీ మీ ఇంట్లో ఒక పని ఉంది, అది నేను చేయలేను.

అరకు_మాస్టారు:
ఆ పనేంటో నేను చెప్పనా పాతలిపి గారూ. నాయనమ్మ గారు ఉన్నారుగా ఇంకా?

చీరాల_మగ్గం:
ఉంది మాస్టారూ, 84 ఏళ్ళు, చెవులు తగ్గాయి గానీ నోరు తగ్గలేదు.

నిజానికి ఆ పని సగం మొదలైంది. మొన్న లైబ్రరీలో ఆ పుస్తకం ఫొటోలు తీసుకొచ్చి (అడిగే తీశాను) ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో మాట చదివా. సగం మాటలకి "అవును, అదే" అంది. కొన్నిటికి "అది ఆ ఊరోళ్ళు అంటారు, మనం అనం" అని మొహం తిప్పుకుంది, పెద్ద పోట్లాట ఉన్నట్టు. తర్వాత నేను అడక్కుండానే ఆవిడే మొదలుపెట్టింది, పోగు తెగితే ఏమంటారు, తడిస్తే ఏమంటారు, రాట్నం తిప్పుతుంటే వచ్చే చప్పుడుకి కూడా ఒక మాట ఉందంట. నేను తెచ్చుకున్న పేజీల్లో కనపడనివి 14 రాసుకున్నా, క్యాష్ బుక్ వెనక పేజీలో.

ఎలా రాయాలో తెలీక మామూలుగా రాసేశా.

పాతలిపి:
14 ఆ!! సంపుటం పూర్తిగా చూడండి ముందు, ఇంకో పేజీలో ఇంకో రూపంలో ఉండొచ్చు. మాట పక్కన అర్థం ఒక్కటే కాదు, ఆవిడ ఏ ఊళ్ళో పుట్టారు, ఏ ఊరికి కోడలిగా వచ్చారు, ఎన్నేళ్ళు మగ్గం పని చేశారు అవన్నీ రాయండి, "ఆ ఊరోళ్ళు అంటారు" అన్నారే, ఆ ఊరు ఏదో తప్పకుండా రాయండి, మాండలిక సరిహద్దు అంటే అదే. ఱ, ర లాంటివి మీ చెవికి నమ్మకం లేకపోతే ఫోన్లో రికార్డ్ చేసేయండి, ఒక్కో మాట మూడుసార్లు అనిపించండి. వస్తువు ఉంటే ఫొటో.

చీరాల_మగ్గం:
మూడుసార్లు అనమంటే తిడుతుంది సార్.

అరకు_మాస్టారు:
ఆ తిట్లు కూడా రికార్డ్ చేయండి.

చీరాల_మగ్గం:
😂 సరే. ఆదివారం వెళ్తున్నా. ఆవిడ పుట్టిల్లు నెల్లూరు వైపు, అది ఇప్పుడే గుర్తొచ్చింది, అంటే మీరు చెప్పిన గీతకి ఆవతల పక్క కదా. మా తాతతో ఆ మాటల మీదే పోట్లాడేదేమో మరి, అడుగుతా.